ఏటీవీ వెనక బ్రేక్ ప్యాడ్లు నెలకే అరిగిపోతున్నాయి: తప్పు ప్యాడ్లదా, పనిదా?

తీరం బండి: భీమిలి వైపు బీచ్‌లో నాలుగు ఏటీవీలు (ఇసుకలో నడిచే నాలుగు చక్రాల బండ్లు) అద్దెకు తిప్పుతున్నాను. వెనక ఇరుసు మీద ఒకటే డిస్క్, ఒకటే కాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం). కొత్త ప్యాడ్లు వేసి నెల కాలేదు, లోపలిది ఇనుము దాకా అరిగిపోయింది. బయటిది ఇంకా సగం ఉంది. మళ్లీ కొత్తవి వేద్దామని పిస్టన్ వెనక్కి నొక్కితే బ్రేక్ ఆయిల్ పొంగి ఫ్రేమ్ మీద పెయింట్ లేచిపోయింది. లోకల్ ప్యాడ్లు మానేసి, లోహపు పొడిని వేడితో గట్టిపరిచి చేసే సింటర్డ్‌వి వేయాలనుకుంటున్నాను. ఏమంటారు?

గాజువాక షెడ్డు: ప్యాడ్లను తిట్టకండి. ఒకటి అరిగి ఒకటి మిగిలిందంటే కాలిపర్ జరగడం లేదు. ఉప్పునీళ్లకు స్లైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు) పట్టేసి ఉంటాయి. వాటిని తీసి, తుప్పు గీకి, సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. పిస్టన్ నొక్కే ముందు బయటికొచ్చిన భాగాన్ని శుభ్రంగా తుడవాలి, లేకపోతే ఆ ఇసుక సీల్‌ను తినేస్తుంది. సింటర్డ్ తడిలో, బురదలో ఎక్కువ కాలం వస్తుంది, నిజమే. పిన్ను పట్టేసి ఉంటే అదీ ఒక పక్కే అరుగుతుంది, పైగా డిస్క్‌నూ అరగదీస్తుంది.

అక్కయ్యపాలెం: బ్లీడ్ నిపుల్ (కాలిపర్ నుంచి గాలి, ఆయిల్ బయటికి వదిలే స్క్రూ) విప్పకుండా పిస్టన్ నొక్కడమే తప్పు. పాత మురికి ఆయిలంతా పైకి పోతుంది.

గాజువాక షెడ్డు: నిపుల్ విప్పి సరిగ్గా బిగించకపోతే గాలి చొరబడుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఆ పని చెప్పకండి. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, సిరంజితో కొంచెం ఆయిల్ లాగేస్తే చాలు.

అక్కయ్యపాలెం: నేను పదేళ్లుగా నిపుల్ విప్పే చేస్తున్నాను. ఒకసారి ఒక షెడ్డులో విప్పకుండా నొక్కారు, వారంలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) పోయింది. డబ్బులూ పోయాయి.

దువ్వాడ: భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం బండ్లు తిప్పకండి. కాపాడుకోవాల్సిన చోటు అది.

గాజువాక షెడ్డు: నిపుల్ గొడవ పక్కన పెట్టండి. తీరం బండి గారూ, ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ దానంతటదే దిగుతుంది. పిస్టన్ వెనక్కి వెళ్తే మళ్లీ పైకొస్తుంది. అది పొంగిందంటే మధ్యలో ఎవరో పోశారు. ఎవరు పోశారు?

తీరం బండి: నేనే. లెవెల్ తగ్గిందని పోశాను. మూత మీద డాట్ 4 అని ఉంది, అదే పోశాను. అందులో తప్పేముంది?

గాజువాక షెడ్డు: ఆయిల్ దిగిందని చూసి కూడా ప్యాడ్ చూడలేదా? పెడల్ లోపలికి పోతోందని ఎవరూ చెప్పలేదా?

తీరం బండి: మా దగ్గర పనిచేసే కుర్రాడు చెప్పాడు. ఆదివారం సాయంత్రం, జనం లైన్లో నిలబడి ఉన్నారు. బండ్లు అప్పు చేసి కొన్నాను. సీజన్ నాలుగు నెలలు. షెడ్డులో కూర్చుని చెప్పడం తేలిక అన్నా!

గాజువాక షెడ్డు: నాకూ అప్పులున్నాయి బాబూ. వెనక రెండు చక్రాలకూ ఆ ఒక్క డిస్కే. ఎక్కేది బ్రేక్ ఏదో కూడా తెలియని పిల్లలు.

కంచరపాలెం కుర్రాడు: నేను రెండేళ్లు ఇలాంటి చోటే పనిచేశాను. పెడల్ మెత్తగా ఉందని బండి పక్కన పెడితే ఆ రోజు కూలి ఇవ్వలేదు. ఆ తర్వాత చెప్పడం మానేశాను. పడిపోయే భయం మాత్రం ప్రతి రైడ్‌లోనూ ఉండేది. బండి ఆపే మాట కుర్రాడికి ఉండాలి. నా గొడవ అదే.

అక్కయ్యపాలెం: నిపుల్ విప్పి ఉంటే ఆయిల్ పొంగేదే కాదు.

తీరం బండి: ఇప్పుడే విప్పి చూశాను. కింది పిన్ను సుత్తితో తడితే గానీ రాలేదు. షెడ్డు అన్న చెప్పింది నిజం. రెండు పిన్నులూ కొత్తవి తెస్తాను, ప్యాడ్లు వేశాక పెడల్ గట్టిపడేదాకా మళ్లీమళ్లీ తొక్కి చూస్తాను. అంతవరకు ఆ బండి బయటికి రాదు. కానీ ఎప్పుడు ఆపాలో కుర్రాడు చెప్పడం మాత్రం నేను ఒప్పుకోను. వాయిదా కట్టేది నేను.

కంచరపాలెం కుర్రాడు: బండి మీద వెనక కూర్చునేది మేము.