ఆర్గాన్ ప్లాస్మా సిమ్యులేషన్‌లో ఏ క్రాస్ సెక్షన్ వాడాలి?

విజ్ఞులకు నమస్కారం. తక్కువ పీడనంలోని ఆర్గాన్ డిశ్చార్జ్‌లో (విద్యుత్ ప్రవహించే వాయువులో) ఎలక్ట్రాన్ల కదలికను మాంటే కార్లో పద్ధతిలో, అంటే యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో, లెక్కించే ప్రోగ్రామ్ రాస్తున్నాను. అభిఘాతం జరిగే క్షణాన్ని నల్ కొలిజన్ పద్ధతితో (ఉత్తుత్తి అభిఘాతాలను కూడా కలిపి మొత్తం రేటును స్థిరంగా ఉంచే పద్ధతి) ఎంచుకుంటూ, స్థితిస్థాపక అభిఘాతాలతో (పరమాణువు అంతర్గత శక్తి మారని ఢీకొనడాలతో) పాటు సుమారు 11.55 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద మొదలయ్యే ఉత్తేజనాన్నీ, 15.76 వద్ద మొదలయ్యే అయనీకరణాన్నీ చేర్చాను.

నా సందేహం ప్రధానంగా స్థితిస్థాపక అభిఘాతం గురించే. ఎలక్ట్రాన్ అన్ని దిక్కులకూ సమానంగా చెదురుతుందని భావించి, ద్రవ్యవేగ బదిలీ క్రాస్ సెక్షన్‌ను (క్రాస్ సెక్షన్ అంటే అభిఘాతం జరిగే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత; ఇందులో దిశ ఎంత మారిందో కూడా లెక్కలోకి వస్తుంది) వాడినప్పుడు డ్రిఫ్ట్ వేగం, అంటే విద్యుత్ క్షేత్రం వల్ల ఎలక్ట్రాన్లకు కలిగే సగటు వేగం, ప్రచురిత కొలతలకు దగ్గరగానే వస్తోంది. అయితే కోణాన్ని బట్టి మారే పరిక్షేపణను ప్రవేశపెట్టి, దానికి తగినట్లు మొత్తం స్థితిస్థాపక క్రాస్ సెక్షన్‌కు మారగానే, విద్యుత్ క్షేత్రం బలహీనంగా ఉన్నచోట ఫలితం తేడాగా వస్తోంది. ఆ పరిస్థితిలో రామ్సావర్ కనిష్ఠం, అంటే ఆర్గాన్ పరమాణువు ఎలక్ట్రాన్‌కు దాదాపు అడ్డే కాని శక్తి ప్రాంతం, ఫలితాన్ని బలంగా ప్రభావితం చేస్తుంది. రెండు క్రాస్ సెక్షన్ల కనిష్ఠాలు అక్కడ ఒకే శక్తి వద్ద లేవు కనుక, ఎలక్ట్రాన్లు ఎక్కువగా ముందుకే చెదురుతాయనుకునే కోణ సూత్రం ఆ ప్రాంతానికి సరిపోదేమోనని నా అనుమానం.

ప్రతి శక్తి వద్దా ఆ రెండు క్రాస్ సెక్షన్ల నిష్పత్తి నుంచే కోణ విభజనను రాబట్టడం సరైన మార్గమేనా? ఈ పని చేసినవారు దయచేసి వివరించగలరు. అయనీకరణం తరువాత మిగిలిన శక్తిని రెండు ఎలక్ట్రాన్లకు సమానంగా పంచడం ఎంతవరకు చెల్లుతుందో కూడా తెలిపితే కృతజ్ఞుణ్ణి.