ట్రబాంట్ కారులో నోవా హుతా టూర్, నాన్నని తీసుకెళ్ళొచ్చా?

బాలానగర్_అమ్మాయి:
అందరికీ నమస్తే. మే నెలలో నేనూ అమ్మా నాన్నా పోలండ్ వెళ్తున్నాం, తమ్ముడు క్రాకోవ్‌లో ఐటీ జాబ్ చేస్తున్నాడు, వాడి దగ్గర పది రోజులుంటాం. వాడు పంపిన లింకుల్లో ఒకటి చూసి ఆగిపోయాను. ట్రబాంట్ అనే పాత తూర్పు జర్మనీ కార్లో కూర్చోబెట్టి, నోవా హుతా అని కమ్యూనిస్టుల టైంలో స్టీల్ ప్లాంట్ కోసం కట్టిన టౌన్‌షిప్ ఉందట, అదంతా తిప్పి చూపిస్తారట.

డౌట్ ఏంటంటే మా నాన్న. ఐడీపీఎల్‌లో (ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ) పాతికేళ్ళు చేసి వీఆర్ఎస్ తీసుకున్నారు, పక్కా యూనియన్ మనిషి. ఆ ఫ్యాక్టరీ రష్యా వాళ్ళ సాయంతో కట్టిందే కదా, ఆయన చేరేసరికి రష్యన్లు చాలావరకు వెళ్ళిపోయారు గానీ మెషీన్ల మీద రష్యన్ అక్షరాలు మాత్రం ఉండేవని ఇప్పటికీ చెప్తారు. అటక మీద మాస్కోలో అచ్చయిన తెలుగు పిల్లల పుస్తకాల కట్ట ఒకటుంది, అప్పట్లో విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొన్నవి, రెండుసార్లు ఇల్లు మారినా పారేయనివ్వలేదు. ఆ టూర్ ఫొటోలు చూస్తేనేమో గైడ్ ఎర్ర టోపీ పెట్టుకుని లెనిన్ బొమ్మ పక్కన పళ్ళికిలిస్తున్నాడు. డబ్బులు కట్టి మరీ నాన్నని నొప్పించినట్టవుతుందేమో అని భయం. ఇంకోటి ఆయనకి 73, మోకాళ్ళ నొప్పులు. ఎవరైనా వెళ్ళారా?

పాత_ఫియట్:
నేను వెళ్ళానండీ, రెండేళ్ళ కిందట, మా ఆవిడతో. ముందు మోకాళ్ళ సంగతి చెప్పేస్తా, అదే అసలు ప్రాబ్లం. ట్రబాంట్‌కి రెండే డోర్లు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి దూరాలి, దిగేటప్పుడు ఇంకా నరకం, నాకు 48 ఏళ్ళకే నడుం పట్టేసింది. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పేయండి. అక్కడ గైడే నడుపుతాడు, మనకి స్టీరింగ్ ఇవ్వరు, బెర్లిన్‌లో అయితే మనమే నడుపుకుంటూ లైనుగా కార్లన్నీ వెళ్ళే టూర్లు ఉన్నాయి, దానికి ఆర్‌టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్ళాలి.

ఇక కారు గురించి. నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రీమియర్ పద్మిని, అంటే పాత ఫియట్ ఉండేది, అందుకే ఈ పేరు పెట్టుకున్నా, కాబట్టి పాత బళ్ళ మీద కొంచెం పిచ్చి ఉందనుకోండి. ట్రబాంట్ తూర్పు జర్మనీ బండి, జ్వికావ్ అనే ఊళ్ళో 1957 నుంచి 1991 దాకా చేశారు, మొత్తం 30 లక్షల పైమాటే. ఆ పేరుకి ఉపగ్రహం అని అర్థం, స్పుత్నిక్ ఎగిరిన ఏడాదే వచ్చింది కదా. బాడీ రేకు కాదు, డ్యూరోప్లాస్ట్ అంటారు, పత్తి వేస్టుని రెసిన్‌తో కలిపి ప్రెస్ చేసింది, రేకు కొరత వల్ల అలా చేశారు, వేలితో కొడితే ప్లైవుడ్‌లా టక్‌టక్‌మంటుంది. ఇంజన్ రెండు సిలిండర్లు, 600 సీసీ, టూ స్ట్రోక్! అంటే మన పాత బజాజ్ స్కూటరే నాలుగు చక్రాల మీద. స్టార్ట్ చేయగానే వెనక నీలం పొగ, ఆ వాసన ముక్కుకి తగలగానే నేను 1989లో మా నాన్న వెనక స్కూటర్ మీద కోఠీ వెళ్తున్నట్టు అయిపోయింది, నిజంగా. పెట్రోల్ ట్యాంకు ముందు బానెట్ కింద ఇంజన్ పైనే ఉంటుంది, చాలా మోడళ్ళకి ఫ్యూయల్ గేజ్ కూడా లేదు, కర్ర ముంచి చూసుకోవడమే. గేరు లివరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, నేను నడుపుతానని అడిగా, గైడ్ నవ్వి ఊరుకున్నాడు.

కారు కోసం తూర్పు జర్మనీలో పదేళ్ళు, ఇంకా పైనే వెయిటింగ్ ఉండేదట. గైడ్ అది పెద్ద వింతలా చెప్తున్నాడు, నేనేమో మా మామయ్య చేతక్ బుక్ చేసి ఎన్నేళ్ళు ఎదురుచూశాడో చెప్పాను, అప్పుడు వాడు వింతగా చూశాడు.

జోకులు ఉంటాయి, అబద్ధం చెప్పను. చివర్లో పాత కాలంలా సర్దిపెట్టిన ఒక ఫ్లాట్‌కి తీసుకెళ్ళి వోడ్కా, ఊరబెట్టిన దోసకాయ ఇచ్చారు. అది మా ఆవిడ పెట్టే ఊరగాయ ముందు దిగదుడుపే.

నల్లకుంట_పోరడు:
అక్కా నేనైతే ఆ కారు ముచ్చట పక్కకి పెట్టమంటా. ఫొటోకి మస్తుంటది గానీ లోపల కూసుంటే చప్పుడుకి గైడ్ చెప్పేది సగం ఇనరాదు, ఆ నీలం పొగ తలకాయ నొప్పి. క్రాకోవ్ స్టేషన్ కాడ 4 నంబర్ ట్రామ్ ఎక్కితే అరగంటల సెంట్రల్ స్క్వేర్ కాడ దింపుతది. ఊరు మొత్తం ఆ చౌరస్తా నుంచే విచ్చుకున్నట్టు కట్టిండ్రు, వెడల్పు రోడ్లు, కమాన్లు, బిల్డింగుల నడిమిట్ల చెట్లు, బెంచీలు. నేను పోయినప్పుడు ముసలోళ్ళు కూసోని పేపర్ సదువుతున్నరు, మన బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్ యాదికొచ్చింది. బాపుకి నడుసుడు కష్టమైతే అడుగడుక్కీ బెంచీలున్నయ్, ఫికర్ లేదు.

ఇంకో మజా సంగతి. ఆ చౌరస్తాకి 2004ల రోనాల్డ్ రీగన్ పేరు పెట్టిండ్రు, అవును, అమెరికా ప్రెసిడెంట్ రీగనే. లెనిన్ పేరు మీదున్న రోడ్డేమో ఇప్పుడు సాలిడారిటీ రోడ్డు, అంటే కమ్యూనిస్టు సర్కార్ మీద కొట్లాడిన యూనియన్ పేరు.

గడ్డిపోచ77:
లక్షల మందిని ఏడిపించిన సిస్టమ్‌ని ఇప్పుడు టోపీలు పెట్టుకుని సెల్ఫీలు దిగే టూరిజం చేయడం నాకైతే అసహ్యం. వెళ్ళకండి. మీ నాన్నగారికి బాధ అని కాదు, అక్కడ బతికిన వాళ్ళకి అవమానం అని.

బాలానగర్_అమ్మాయి:
@గడ్డిపోచ77 మీరన్నదీ ఆలోచించాల్సిందే. చిత్రం ఏంటంటే మీరూ మా నాన్నా రెండు వైపుల నుంచి వచ్చి ఒకే మాట అంటున్నారు, దాన్ని జోక్ చేయొద్దని. నిన్న మెల్లగా కదిపాను, "కార్మికుల కోసం ఊరు కడితే అందులో నవ్వడానికేముందే?" అన్నారు. తర్వాత ఒక గంట ఏం మాట్లాడలేదు. జోకులు కాకుండా అసలు అక్కడ ఏం జరిగిందో ఎవరైనా కాస్త చెప్తారా, ముందే నేను నాన్నకి చెప్పి పెట్టుకుంటా.

క్రాకోవ్_కాఫీ:
ఇక్కడ ఆరేళ్ళుగా ఉంటున్నా, నోవా హుతాలోనే అద్దెకి, సిటీ కన్నా చెట్లెక్కువ, ప్రశాంతం. మీ నాన్నగారికి ఇది తప్పకుండా నచ్చుతుందండీ, ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

1949లో మొదలుపెట్టారు, బంగారంలాంటి సాగు భూములు తీసుకుని. చుట్టుపక్కల పల్లెల నుంచి, దేశం నలుమూలల నుంచి కుర్రాళ్ళు వచ్చి కట్టారు, చాలామందికి జీవితంలో మొదటిసారి బాత్రూం ఉన్న ఇల్లు వచ్చింది అప్పుడే. 1954లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది, ప్లాంటుకి లెనిన్ పేరు పెట్టారు, 70ల చివర్లో దాదాపు 38 వేల మంది పనిచేసేవారు. దాన్ని తక్కువ చేయకూడదు, మా ఓనరు బామ్మ ఇప్పటికీ ఆ రోజుల గురించి కళ్ళు మెరుస్తూ చెప్తుంది.

కానీ గొడవ ఎక్కడొచ్చిందంటే, ప్లానులో అన్నీ ఉన్నాయి, చర్చి లేదు. ఈ జనమేమో పల్లెల నుంచి వచ్చిన క్యాథలిక్కులు. తర్వాత చర్చి కోసం ఇచ్చిన స్థలంలో శిలువ పాతుకున్నారు, 1960లో దాన్ని పీకేసి స్కూలు కడతామంటే ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు, పోలీసులతో వీధి యుద్ధమే జరిగింది. చివరికి పర్మిషన్ వచ్చి 1967 నుంచి పదేళ్ళు కష్టపడి ఆర్కా పానా అని ఓడ ఆకారంలో చర్చి కట్టుకున్నారు, గోడలకి అతికించిన గులకరాళ్ళే 20 లక్షలట. 1977లో దాన్ని ప్రారంభించిన కార్డినల్ మరుసటి ఏడాదే పోప్ జాన్ పాల్ 2 అయ్యాడు.

తర్వాత సాలిడారిటీ. అది ఫ్యాక్టరీల్లోంచి వచ్చిన యూనియన్, అది గుర్తుపెట్టుకోండి. 1981 డిసెంబరులో మార్షల్ లా పెట్టి దాన్ని అణిచేస్తే లెనిన్ స్టీల్ ప్లాంటు కార్మికులే రోడ్ల మీదికి వచ్చారు. 1982 అక్టోబరులో బొగ్డాన్ వ్లోషిక్ అని 20 ఏళ్ళ కుర్రాడు, ఆ ప్లాంటులోనే పని, అతన్ని మఫ్టీలో ఉన్న సెక్యూరిటీ ఆఫీసర్ కాల్చి చంపాడు. ఆర్కా పానా దగ్గరే అతని గుర్తుగా ఒక స్మారకం ఉంది. 1988లో మళ్ళీ పెద్ద సమ్మె. కార్మికుల పేరు మీద నడిచే ప్రభుత్వం మీద కార్మికులే సమ్మె కట్టారు. పాతికేళ్ళు యూనియన్‌లో ఉన్న మనిషికి ఇది మనకన్నా బాగా అర్థమవుతుంది. టోపీ పెట్టుకున్న గైడ్ ఇది చెప్పడు అనుకోకండి, మంచివాళ్ళు దొరికితే వాళ్ళ అమ్మానాన్నలు ఆ ప్లాంటులో చేసినవాళ్ళే అయ్యుంటారు, జోకుల్లో చాలావరకు ఆ ఇళ్ళలో పుట్టినవే.

లెనిన్ విగ్రహం సంగతి కూడా. 1973లో పెట్టారు, 1979లో ఎవరో బాంబు పెడితే మడమ దగ్గర ముక్క ఎగిరింది, పడిపోలేదు. 1989 డిసెంబరులో క్రేన్‌తో తీసేశారు. ఇప్పుడది స్వీడన్‌లో కౌబాయ్ టైపు అమ్యూజ్‌మెంట్ పార్కులో ఉంది. ఇది మాత్రం నాన్నగారికి చెప్పాలో వద్దో మీ ఇష్టం.

చిన్న కరెక్షన్, ట్రబాంట్ ఇక్కడి బండి కాదు. ఇక్కడి వాళ్ళ ప్రాణం ఫియట్ 126పీ, ముద్దుగా మలుఖ్ అంటారు, అంటే బుడ్డోడు. 1973 నుంచి 2000 దాకా 30 లక్షలకి పైగా ఇక్కడే చేశారు. అడిగితే కొందరు అందులోనూ తిప్పుతారు, కాకపోతే అది ట్రబాంట్ కన్నా ఇరుకు, మోకాళ్ళ నొప్పులుంటే వద్దు.

చిక్కడపల్లి_చాయ్:
పోలండ్ దాకా ఎందుకు అనను గానీ, ఇది చదువుతుంటే మనూళ్ళో ఒక అంబాసిడర్ అద్దెకి తీసుకుని ఇలాంటిదే చేయాలనిపిస్తోంది. హిమాయత్‌నగర్ మఖ్దూం భవన్ (సీపీఐ ఆఫీసు) దగ్గర మొదలెట్టి, ట్యాంక్‌బండ్ మీద కమ్యూనిస్టు కవి మఖ్దూం విగ్రహం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీ, అక్కడి నుంచి బాలానగర్ ఐడీపీఎల్, చివర చెకోస్లొవేకియా వాళ్ళ సాయంతో పెట్టిన బీహెచ్ఈఎల్ రామచంద్రాపురం. మధ్యలో ఇరానీ చాయ్.

గడ్డిపోచ77:
హైదరాబాద్‌లో కమ్యూనిస్టుల పాలన ఎప్పుడుంది సార్? ఏం చూపిస్తారు?

చిక్కడపల్లి_చాయ్:
పాలన లేదు, పోరాటం ఉంది. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటం, ఆ వెంటనే 1952 ఎన్నికల్లో నల్లగొండలో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి. అధికారం లేకుండానే ఇంత కథ ఉంది, కారు దొరకడమే కష్టం. ఐడీపీఎల్ అయితే అదొక్కటే ఒక టూర్, డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినవారే. బాలానగర్_అమ్మాయి వాళ్ళ నాన్నగారినే గైడ్‌గా పెట్టుకుందాం, టోపీ అక్కర్లేదు.

బాలానగర్_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. క్రాకోవ్_కాఫీ గారి పోస్టు నాన్నకి మొత్తం చదివి వినిపించాను. సమ్మె దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. ఆ కుర్రాడి పేరు రెండుసార్లు పలికి చూసుకున్నారు. స్వీడన్ సంగతి చెప్పనా వద్దా అనుకుంటూనే చెప్పేశాను, నవ్వారు, కౌబాయ్‌ల మధ్యనా అని.

టూర్ బుక్ చేసేశాం, ముందు సీటు అని రాసి మరీ. అమ్మ మాత్రం ఆ డబ్బాలో ఎక్కనంది, తమ్ముడితో కలిసి 4 నంబర్ ట్రామ్‌లో వచ్చి ఆర్కా పానా దగ్గర కలుస్తుంది. నాన్న అడిగిన ప్రశ్న ఒకటే మిగిలింది. ఆ కారుకి పెట్రోల్లో ఆయిల్ ఎంత కలుపుతారు?

పాత_ఫియట్:
తర్వాత మోడళ్ళకి 50 లీటర్లకి ఒకటి. అంటే లీటరుకి 20 ఎంఎల్, మన పాత బజాజ్ స్కూటర్‌కి పోసినంతే అని చెప్పండి.