1950లో చైనా కన్నా మనమే ముందు, మరి తర్వాతేమైంది?

కృష్ణాతీరం: 1950-51లో మన దేశంలో ఒకటి నుంచి ఐదు తరగతుల నమోదు 42.6 శాతం. 1949లో చైనాది 20 అటూ ఇటూ. 1960-61కి మనం 62.4 దగ్గరుంటే, 1965కల్లా వాళ్లు 84.7కి పోయారు. పద్నాలుగేళ్ల లోపు అందరికీ పదేళ్లలో చదువు అని రాజ్యాంగం 45వ అధికరణలో రాసుకున్నది మనమే.

లెక్కలమాస్టారు: మనది స్థూల నమోదు. ఒకటో తరగతిలో పన్నెండేళ్లవాడు కూర్చున్నా లెక్కలోకొస్తాడు. అందుకే ఒక్కోసారి వంద దాటుతుంది. చైనాది నికర నమోదు, అంటే ఆ తరగతుల వయసు పిల్లల్నే లెక్కేస్తారు. రెండూ పక్కపక్కన ఎలా పెట్టారు?

కృష్ణాతీరం: మనది కూడా నికరం తీస్తే ఇంకా తగ్గుతుంది మాస్టారూ. నా మాటే గట్టిపడుతుంది.

లెక్కలమాస్టారు: నేనడిగింది పోలిక గురించి.

సీమబిడ్డ: చైనా సర్కారు చెప్పే లెక్కలు ఇంకా నమ్ముతున్నారా?

కృష్ణాతీరం: జనగణన చూడండి. 1982లో వాళ్ల అక్షరాస్యత 65 దాటింది, 1981లో మనది 43.57.

లెక్కలమాస్టారు: మళ్లీ అదే! వాళ్లది 15 ఏళ్లు పైబడినవాళ్లలో, మనది 7 ఏళ్లు పైబడినవాళ్లలో.

మల్లిక: ఆ 42.6లో మగపిల్లలు 60.6, ఆడపిల్లలు 24.8. అదెవరూ ఎత్తరేం? మా అమ్మని రెండో తరగతిలోనే మాన్పించారు, తమ్ముణ్ణి ఎత్తుకోడానికి. రిజిస్టర్లో మాత్రం ఏడాది పొడుగునా హాజరే.

లెక్కలమాస్టారు: అంటే పంతుళ్లు దొంగ హాజరు వేశారనా?

మల్లిక: మీ భుజాలెందుకు తడుముకుంటారు?

కృష్ణాతీరం: అసలు కిటుకు వేరే ఉంది. చైనాలో మిన్‌బాన్ పంతుళ్లని ఊరే పోషించింది. రైతుల్లోంచే వచ్చారు, కమ్యూన్‌లో, అంటే ఊరి ఉమ్మడి సేద్యంలో, పనికి లెక్కగట్టే పాయింట్లే జీతం. అందుకే మారుమూల పల్లెకీ బడి చేరింది.

లెక్కలమాస్టారు: ఇప్పుడు బయటపడింది! డీఎస్సీ వద్దు, విద్యా వాలంటీర్లతో లాగించెయ్యమంటారు. ఒక్కణ్ణే ఐదు తరగతులూ చెప్పి, కోడిగుడ్లు లెక్కబెట్టి, మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లో ఎక్కించినవాణ్ణి నేను. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 జీవోతో మా 3, 4, 5 తరగతులు హైస్కూల్లో కలిపారు. మెయిన్ రోడ్డు దాటించలేక తల్లులు పిల్లల్ని ప్రైవేటు బస్సెక్కించారు. మీ చైనా కూడా 2001 నుంచి పల్లె బడులు ఎడాపెడా మూసేసి, 2012లో గానీ ఆపలేదు.

సీమబిడ్డ: కోడిగుడ్ల దగ్గరికొచ్చాం, శుభం.

కృష్ణాతీరం: జీవో తప్పే, ఒప్పుకుంటా. కానీ జీతం వచ్చే పంతులు ఉన్నచోటా బడి ఖాళీ అవుతోందిగా? మీ పిల్లలు ఏ బడిలో చదివారు మాస్టారూ?

లెక్కలమాస్టారు: మీ పిల్లలో?

కృష్ణాతీరం: ప్రైవేటే. దాచేదేముంది? ఐదు తరగతులకీ ఒక్క పంతులున్న బడికి ఏ ధైర్యంతో పంపమంటారు?

మల్లిక: మాస్టారూ, మీరు చెప్పలేదు.

లెక్కలమాస్టారు: ప్రైవేటే, ఇంగ్లీషు మీడియం కోసం. దానికీ చర్చకీ సంబంధం లేదు. ముందు ఆ 42.6 పక్కన ‘స్థూల’ అని రాయండి.