ఇంజన్ ఎలాగూ దింపేశాం, పాత క్లచ్ మళ్లీ వేయించొచ్చా?

విజయనగరం800: మాది మారుతి 800. పొగ ఎక్కువైపోతే ఇంజన్ దింపించాం. బోరింగ్, రింగులు, బేరింగులు అన్నీ అయిపోయాయి, ఇక బిగించడమే. మెకానిక్ గారేమో క్లచ్ ప్లేట్‌కి ఇంకా మందం ఉంది, పాతదే వేసేద్దాం అంటున్నారు. మేం తరచూ సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్తాం, ఆ ఘాట్ ఎక్కేటప్పుడు మాడు వాసన వచ్చేది. ప్లేట్ ఒక్కటీ మారిస్తే చాలా, సెట్ మొత్తం వేయించాలా? దగ్గరుండి ఏం చూసుకోవాలి?

బొబ్బిలి గ్యారేజ్: మాడు వాసన వచ్చాక ఇంకా మందం లెక్కేంటండీ. ప్లేట్, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్, పెడల్ తొక్కితే క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగ్, మూడూ మార్చేయండి, సెట్ అంటే అదే. రేపు బేరింగ్ అరిచిందనుకోండి, దాని ఖరీదు కొంచెమే, కానీ దానికోసం గేర్‌బాక్స్ మళ్లీ దింపాలి, కూలీ అక్కడే పోతుంది. అంతకంటే ముందు క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కొత్తది పడిందో లేదో అడగండి. అది కారితే ఆయిల్ నేరుగా కొత్త ప్లేట్ మీదకే వస్తుంది, ఇక జారడమే. ఫ్లైవీల్, అంటే క్రాంక్ వెనక ప్లేట్ ఆనే బరువైన చక్రం, దాన్ని కూడా ముఖం చదును చేయించడానికి లేత్‌కి పంపించండి.

సిక్కోలు స్పానర్: అన్నీ ఒప్పుకుంటాను గానీ ఫ్లైవీల్‌ని ఊరికే లేత్‌కి పంపొద్దు. నీలం మచ్చలో, గాడులో ఉంటే పంపండి, పగుళ్లుంటే మార్చేయండి, ఏమీ లేకపోతే ఎమెరీతో రుద్ది శుభ్రంగా తుడిస్తే చాలు. కొత్త ప్రెషర్ ప్లేట్‌కి తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు, అదీ తుడవాలి. చాలామంది తుడవరు, తర్వాత బండి అదురుతోందని తిరిగొస్తారు.

ప్లేట్ ఏ వైపు వేస్తున్నారో మీ కళ్లతో చూడండి. మామూలుగా స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు గేర్‌బాక్స్‌కి వస్తుంది, చాలా ప్లేట్ల మీద ఫ్లైవీల్ వైపు ఏదో రాసే ఉంటుంది. తిరగేసి వేస్తే క్లచ్ సరిగ్గా విడవదు, గేరు పడదు. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి, ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్తే ప్రెషర్ ప్లేట్ కవర్ వంకరపోతుంది. ప్లేట్ సరిగ్గా మధ్యలో ఉండాలి, అందుకు సెంటర్ చేసే పిన్ వాడమనండి. లేకపోతే గేర్‌బాక్స్ లోపలికి పోదు, పోలేదని బోల్టులతో లాగారంటే ప్లేట్ హబ్ పోతుంది. ప్లేట్‌లోకి దూరే గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్లకి గ్రీజు పూసీ పూయనట్టు రాయాలి, ఎక్కువైతే చిమ్మి ప్లేట్‌కి అంటుకుంటుంది.

విజయనగరం800: థాంక్స్ అన్నా. సీల్ పాతదే ఉంచారట, ఇప్పుడే మార్చమన్నాను. సెట్ కూడా కొత్తదే తెప్పిస్తున్నాం. కేబుల్ మాత్రం బానే ఉందంటున్నారు?

బొబ్బిలి గ్యారేజ్: చేత్తో లాగి చూడండి, బిర్రుగా ఉంటే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. బిగించాక పెడల్‌కి కొంచెం ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టు అందుకునేలోపు ఖాళీగా కదిలే దూరం, వదలమనండి, అది లేకపోతే బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండి త్వరగా పోతుంది. కొన్ని రోజులు ఊళ్లో తిప్పాకే సాలూరు ఘాట్‌కి వెళ్లండి, ఎక్కుడులో ఆగాల్సొస్తే పెడల్ సగం తొక్కి హాఫ్ క్లచ్‌లో కాదు, హ్యాండ్‌బ్రేక్ మీద ఆపండి.