టీమ్ అందర్నీ ఒకచోట చేర్చి రిట్రీట్ పెడితే మన పనికి నిజంగా ఉపయోగం ఉంటుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న సస్టైనబిలిటీ కన్సల్టింగ్ టీమ్‌కి లీడ్‌ని. కంపెనీల వల్ల ఎంత కాలుష్య ఉద్గారాలు వస్తున్నాయో లెక్కగట్టి సలహాలివ్వడం మా పని. అందరం వేర్వేరు ఊళ్ళ నుంచి పనిచేస్తాం, వీడియో కాల్స్‌లోనే కలుస్తాం. పనేమీ ఆగట్లేదు. కానీ ఒకరి రిపోర్టును మరొకరు రివ్యూ చేసేటప్పుడు గట్టిగా ప్రశ్నించడం బాగా తగ్గిపోయింది. "బాగుంది" అని ఒక మాట రాసి వదిలేస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళయితే డౌట్ ఉన్నా అడగడం లేదు. అందుకని అందర్నీ మూడు రోజులు ఒకచోట కూర్చోబెడదామని మేనేజ్‌మెంట్‌ని అడిగితే సరేనన్నారు. అభ్యంతరం టీమ్‌లోనే వచ్చింది. "ప్రయాణాలు తగ్గించుకోండని క్లయింట్లకు చెప్పే మనమే విమానాలెక్కడం ఏమిటి?" అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మీలో ఎవరైనా ఇలాంటివి పెట్టి ఉంటే, తర్వాత పనిలో ఏం మారిందో చెప్పండి. ఆటలు, గ్రూప్ ఫొటోల సంగతి వద్దు.

జవాబు 1

మేం ఏటా పెడుతున్నామండీ. పెట్టమనే చెబుతాను. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

మనది లెక్కల పని అని బయటివాళ్ళు అనుకుంటారు. లెక్క మొదలుపెట్టడానికి ముందు తీసుకునే నిర్ణయాల్లోనే అసలు కష్టమంతా ఉంది. స్కోప్ 3నే తీసుకోండి, అంటే కంపెనీ సొంతంగా కాల్చే ఇంధనం, కొనే కరెంటు కాకుండా సప్లయర్ల నుంచి వాడకందార్ల దాకా మిగతా గొలుసులో వచ్చే ఉద్గారాలు. ఉద్గారాలు లెక్కగట్టే నియమాలు తయారుచేసే జీహెచ్‌జీ ప్రోటోకాల్ 2011లో దీనికి ఇచ్చిన స్టాండర్డ్‌లో 15 కేటగిరీలున్నాయి. అందులో మొదటిది, కొన్న సరుకులు, సేవలు. ఆ ఉద్గారాలను పెట్టిన ఖర్చును బట్టి అంచనా వేయొచ్చు, సరుకు బరువును బట్టి వేయొచ్చు, సప్లయర్ ఇచ్చిన డేటాతోనూ వేయొచ్చు. అన్నీ ఒప్పుకున్న పద్ధతులే. ఒకే కంపెనీకి ఒక్కో పద్ధతిలో ఒక్కో అంకె వస్తుంది. ఎక్కడ ఏది వాడాలి, సప్లయర్ పంపిన అంకెను ఎంతవరకు నమ్మాలి అన్నది అనుభవం ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు ఎలా ఆలోచిస్తున్నారో చూస్తే పట్టుబడుతుంది.

అందుకే మా రిట్రీట్‌లో ప్రెజెంటేషన్లు ఉండవు. ముగిసిపోయిన ప్రాజెక్టు ఒకటి తీసుకుంటాం. క్లయింట్ పేరు తీసేసి, డేటా షీట్లు ప్రింట్ చేసి బల్ల మీద పరుస్తాం. ఏ కేటగిరీలు ముఖ్యమో, ఏ డేటాను నమ్మడం లేదో ఎవరికి వాళ్ళు కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాతే చర్చ. ముందు జూనియర్లు చెప్పాలి, సీనియర్లు ఆఖర్న. ఈ వరస దయచేసి మార్చకండి. సీనియర్ ముందే మాట్లాడితే మిగతావాళ్ళు రాసుకున్నది కాగితంలోనే ఉండిపోతుంది.

ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి షీట్ చూసి పక్కనున్నతనితో మెల్లిగా ఏదో అంది. ఏమిటని అడిగితే చెప్పింది: "ఈ ఎమిషన్ ఫ్యాక్టర్, అంటే ఇంత ఖర్చుకు ఇంత ఉద్గారం అని చెప్పే అంకె, పాత సంవత్సరం ధరల మీద కట్టినది. ఖర్చు లెక్కేమో ఈ ఏడాదిది. మధ్యలో ధరలు పెరిగాయి కదా, ఉద్గారాలు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తాయి." సరిగ్గా పట్టుకుంది. ఆ పూటంతా దాని మీదే మాట్లాడుకున్నాం. మ్యూట్ తీసి అందరి ముందు మాట్లాడాలంటే టెన్షన్ పడే మనిషి తను. వీడియో కాల్‌లో పక్కవాళ్ళతో మెల్లిగా ఒక మాట అనే వీలే ఉండదు. ఇప్పుడు రివ్యూల్లో అందరికన్నా పదునైన ప్రశ్నలు తనవే.

ఇంకొకటి, ఎవరికి ఏం తెలుసో తెలుస్తుంది. డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్ట్ 1985లో 'ట్రాన్సాక్టివ్ మెమరీ' అని ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. దగ్గరగా మెలిగే మనుషులు అన్నీ అందరూ గుర్తుపెట్టుకోరు, ఏ విషయం ఎవరికి తెలుసో గుర్తుపెట్టుకుంటారు అని దాని సారం. మన రంగానికి ఇది ప్రాణం. 2023 జూన్‌లో కంపెనీల సస్టైనబిలిటీ రిపోర్టులకు అంతర్జాతీయ నియమాలు రాసే ఐఎస్‌ఎస్‌బీ నుంచి ఎస్1, ఎస్2 స్టాండర్డ్స్ వచ్చాయి, యూరప్ నిబంధనలు మారుతూనే ఉన్నాయి, లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (ఒక వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణం మీద పడే ప్రభావాన్ని లెక్కగట్టడం) వేరే ప్రపంచం. ఇవన్నీ ఒక్కరికి పట్టుబడేవి కావు. ఎవరిని అడగాలో, అడిగితే విసుక్కోరో లేదో తెలిస్తే సగం పని అయినట్టే.

జవాబు 2

ఆ అభ్యంతరం పెట్టినవారికి నా మద్దతు. ఆయన్నే ప్రయాణాల లెక్క చూడమనండి. ఎవరెవరు ఎక్కడి నుంచి వస్తారో రాసుకుని, కలుసుకునే చోటును మొత్తం ఉద్గారాలు తక్కువయ్యేలా ఎంచుకోవచ్చు. రైల్లో రాగలిగినవాళ్ళు రైల్లో రావాలి. ఆ అదనపు గంటలు పని గంటల కిందే లెక్కకట్టాలి, లేకపోతే ఎవరూ రైలెక్కరు.

ఈ ప్రయాణాలు స్కోప్ 3లో కేటగిరీ 6, అంటే బిజినెస్ ట్రావెల్ కిందికి వస్తాయి. సొంత రిపోర్టులో దాచకుండా చూపించండి. విమానాల విషయంలో కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే లెక్కేస్తే సరిపోదు. కాంట్రెయిల్స్ (విమానం వెనక ఆకాశంలో ఏర్పడే తెల్లటి చారలు), నైట్రోజన్ ఆక్సైడ్ల వంటివి కలుపుకుంటే వేడెక్కించే ప్రభావం ఇంకా పెద్దది. ఆఫ్‌సెట్లు (వేరేచోట ఉద్గారాలు తగ్గించినందుకు అమ్మే క్రెడిట్లు) కొనేసి 'జీరో' అని మాత్రం రాయకండి.

అన్నట్టు, కలవకపోతే ఏమవుతుందన్న దాని మీద 2021లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మైక్రోసాఫ్ట్ అమెరికా ఉద్యోగులు 61,182 మంది డేటా చూశారు. అందరూ ఇళ్ళ నుంచి పనిచేయడం మొదలయ్యాక, వేర్వేరు గ్రూపుల మధ్య సంబంధాలు తగ్గి ఎవరి గూట్లో వాళ్ళు ఉండిపోయారని తేలింది. మీరు రాసిన పరిస్థితి వినగానే అదే గుర్తొచ్చింది.

జవాబు 3

టెక్నికల్ విషయాలతో పాటు ఒక పూట దీనికి కూడా ఉంచండి: క్లయింట్ ఒత్తిడి పెట్టినప్పుడు ఎక్కడ 'కుదరదు' అనాలి? ఉత్పత్తి మీద 'కార్బన్ న్యూట్రల్' (నికరంగా ఉద్గారాలేమీ లేవు) అని రాసుకోవాలని క్లయింట్ పట్టుబడతాడు. ఆధారమేమో కొన్న ఆఫ్‌సెట్లే. ఉత్పత్తుల మీద అలాంటి ప్రచారాన్ని నిషేధించే యూరోపియన్ యూనియన్ చట్టం 2024లో వచ్చింది, అమలు 2026 సెప్టెంబర్ 27 నుంచి. చట్టం ఉన్నా, మీటింగ్‌లో ఒంటరిగా కూర్చున్న జూనియర్‌కి కాదనే ధైర్యం చాలదు. మా డైరెక్టర్ అందరి ముందు "మీరు కాదంటే నేను మీ వెనక ఉంటాను, ఆ ప్రాజెక్టు పోయినా సరే" అన్నారు. ఆ మాట ఈమెయిల్‌లో వచ్చుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. మొహం చూస్తూ విన్నాం కాబట్టి నమ్మాం.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. ప్రయాణాల లెక్క ఆయనకే అప్పగిస్తాను. ఒక్క సందేహం. చిన్నపిల్లలున్నవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకునేవాళ్ళు ఇద్దరున్నారు. రాలేమన్నారు. వాళ్ళను వీడియోలో కలపమంటారా?

జవాబు 1

రోజంతా వీడియోలో కూర్చోబెట్టకండి. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే అటువైపు వాళ్ళకు ఏమీ అర్థం కాదు, ఇంకా దూరమైపోయినట్టు అనిపిస్తుంది. షీట్లు ముందే పంపి వాళ్ళ అభిప్రాయం రాయించుకోండి. చర్చ మొదట్లో దాన్ని చదివి వినిపించండి. తేల్చుకున్న ప్రతి నిర్ణయాన్నీ, ఎందుకు అలా తేల్చుకున్నారో కారణంతో సహా అదే రోజు రాసి పంపండి. వాళ్ళు కాదంటే ఆ నిర్ణయాన్ని మళ్ళీ తెరవాలి. వచ్చేసారి చోటు, తేదీలు ఎంచేటప్పుడు ముందు ఆ ఇద్దరినే అడగండి. రాత్రి ఆగక్కర్లేకుండా వచ్చి వెళ్ళే దూరంలో పెడితే వస్తారేమో.