ఓడ నాణెం సర్టిఫికెట్ నంబర్ కొడితే ఏమీ రావట్లేదు, సాయం చేయండి

డాలస్_తెలుగు:
పొద్దున్నుంచీ దీంతోనే కుస్తీ, బుర్ర పనిచేయట్లేదు. 1857లో మునిగిన సెంట్రల్ అమెరికా ఓడలోంచి తీసిన 20 డాలర్ల బంగారు నాణెం కొన్నాను. సర్టిఫికెట్ నంబర్ సైట్‌లో కొడితే ఏమీ రావట్లేదు. అయినా అన్నేళ్లు సముద్రంలో ఉన్నది ఇంత మెరుస్తుందా? అమ్మినాయన ఫోన్ ఎత్తట్లేదు, ఒకటే టెన్షన్.

టూకీ:
ఏ సైట్? తూకమెంత? ఫోటో ఏది?

కడలి:
ముందు ఒక మాట. ఆ ఓడ తుఫానులో మునిగితే 425 మంది దాకా పోయారు, కాలిఫోర్నియా గనుల్లో చెమటోడ్చి ఇళ్లకు వెళ్తున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. అది సమాధి. వందేళ్లకు పైగా నీళ్లలో ఉన్న సొత్తుతో వ్యాపారం చేయకూడదని 2001 యునెస్కో ఒప్పందం చెబుతోంది, అమెరికా అందులో చేరనే లేదు. కొనేవాళ్లుంటే తోడేవాళ్లూ ఉంటారు.

నాణేల_పెట్టె:
కడలి గారూ, ఆయన అడిగింది అది కాదండీ. బంగారాన్ని ఉప్పునీరు ఏమీ చేయదు, తినేసేది వెండిని. ఈ నాణేల మీద పేరుకుంది ఓడ ఇనుము తుప్పు, దాన్ని రసాయనాల్లో నానబెట్టి వదిలించారు. మెరవడం వింతేమీ కాదు.

బులియన్_బాబాయ్:
నానబెట్టినా కడగడమే కదా. కడిగిన నాణేనికి విలువ పడిపోతుంది.

నాణేల_పెట్టె:
రుద్దితేనే పడిపోతుంది బాబాయ్. రుద్దినదాన్ని లైటు కింద తిప్పితే సన్న గీతలు కనిపిస్తాయి. తుప్పు కింద పైపొర చెక్కుచెదరకపోతే గ్రేడ్ (నాణెం ఎంత బాగుందో చెప్పే రేటింగ్) మామూలుగానే ఇస్తారు.

డాలస్_తెలుగు:
సర్టిఫికెట్ అంటే అమ్మినాయన ఇచ్చిన కాగితమండీ. నాణెం విడిగా వెల్వెట్ పెట్టెలో ఉంది.

టూకీ:
స్లాబ్ (గ్రేడింగ్ కంపెనీ నాణేన్ని పరీక్షించి సీలు వేసిచ్చే ప్లాస్టిక్ డబ్బా) లేదా! అది కదా ముందు చెప్పాల్సింది. ఆ నంబర్ ఏ గ్రేడింగ్ సైట్‌లోనూ రాదు.

నాణేల_పెట్టె:
తూకం 33.4 గ్రాములు, అడ్డం 34 మి.మీ. ఉండాలి. గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచండి, కాటా 1.95 గ్రాముల దగ్గర చూపాలి. ఇవన్నీ సరిపోయినా నాణెం మంచిదనే నమ్మకమే తప్ప ఆ ఓడలోదని తేలదు. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల 1857లో ఇలాంటివి 9,70,500 కొట్టింది, ఓడలోంచి తీసినవి కొన్ని వేలే. స్లాబ్ మీద ఓడ పేరు లేకపోతే దాన్ని ఓడకు ముడిపెట్టేదేమీ లేదు. ఓడ పేరు చెప్పి అదనంగా తీసుకున్న డబ్బు వెనక్కి అడగండి.

డాలస్_తెలుగు:
తూకం 33.4, నీళ్లలో 1.9. థాంక్సండీ. గ్రేడింగ్‌కి పోస్టులో పంపితే ఇన్సూరెన్స్ మనమే కట్టాలా?