కొటేషన్‌లో లేని పని అడుగుతూ ఆఖరి వాయిదా ఆపితే ఏం చేయాలి?

వెబ్‌సైట్ డిజైన్ చేసే ఫ్రీలాన్సర్లు ఎవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వండి.

ఒక క్లయింట్‌తో ఒప్పందం: 8 పేజీల వెబ్‌సైట్, 2 విడతల మార్పులు, 60,000 రూపాయలు. సగం అడ్వాన్సుగా, డిజైన్ ఓకే అయ్యాక 30 శాతం వచ్చాయి. మిగిలిన 12,000 ఆపేసి, "పేమెంట్ గేట్‌వే (సైటులోనే డబ్బు కట్టే ఏర్పాటు), తెలుగు వెర్షన్ కూడా అందులోవే కదండీ" అంటున్నారు. కొటేషన్‌లో "పూర్తి వెబ్‌సైట్" అని ఉంది. చిక్కంతా ఆ మాట దగ్గరే. ఏవి రావో విడిగా రాసి లేదు.

తెలుగు వెర్షన్ అంటే పేజీలన్నీ మళ్లీ సర్దడమే. ఇంగ్లిష్‌కి పెట్టిన లైన్ హైట్ (లైన్ల మధ్య ఎడం) 1.4 ఉంచితే వత్తులు కింది లైనుకు తగులుతున్నాయి, మెనూలో మాటలు పట్టక రెండో వరసకు జారుతున్నాయి. ఇది ఉచితంగా చేసే పని కాదు.

సైటు ఇంకా నా సర్వర్‌లోనే ఉంది. మొదటి పని మూసి 12,000 తీసుకున్నాకే అదనపు పనికి కొత్త కొటేషన్ ఇవ్వాలా, రెండూ కలిపి మాట్లాడాలా? వాళ్లు వాట్సాప్‌లో "డిజైన్ ఫైనల్" అన్న మెసేజ్ ఆధారంగా నిలుస్తుందా? ఎంఎస్‌ఎంఈ (చిన్న వ్యాపారాల) చట్టం ప్రకారం బాకీ చెల్లింపుకు 45 రోజుల గడువు అడగాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా ప్రభుత్వ నమోదు) పని మొదలుపెట్టక ముందే ఉండాలా? మీరు వాడే మార్పుల ఒప్పంద పత్రంలోని వాక్యాలు యథాతథంగా పెడితే ఎంతో మేలు.